దేవుణ్ని తీసేసిన శనివారం

ఒక శనివారం పొద్దున పదిన్నర నుంచి పన్నెండు దాకా మా జిల్లాలో దేవుడు లేడు. నేనే తీసేశాను. మా ఊరి విశ్రాంత ఉద్యోగుల సంఘం భవనంలో, మూడు వందల మంది ముందు, మైకు పట్టుకుని మరీ తీసేశాను.

మూడు వందలన్నది కుర్చీల లెక్క. టెంటువాడు ఎవరిదో పెళ్లికి తెచ్చిన కుర్చీలు మా దగ్గర దింపి, మధ్యాహ్నం తీసుకుపోతానన్నాడు. మనుషులు ముప్పై ఆరుగురు. జిల్లా అన్నది కూడా కొంచెం అనుమానమే. కొత్త జిల్లాలు చేసినప్పుడు మా ఊరు నల్లగొండలోంచి తప్పుకుంది. నేను మాత్రం ఇప్పటికీ అన్ని కాగితాల మీదా నల్లగొండ అనే రాస్తాను. కాబట్టి దేవుణ్ని సరిగ్గా ఏ జిల్లాలో తీసేశానో ఆయనకే తెలియాలి.

నేను బడిలో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ని. పోచంపల్లి దాటి నాలుగూళ్లు పోతే మా ఊరు. మాది నేతపని చేసే ఇల్లు. మగ్గం వదిలి చాక్‌పీసు పట్టింది నేనొక్కణ్నే. మా అక్కను ఇచ్చింది పక్కింటికే. బావ పన్నెండో ఏట మగ్గం గుంతలో కాళ్లు పెట్టాడు, ఇంకా తీయలేదు. ఆయనకు జీవితంలో ఒకటే కోరిక ఉండేది. చేనేత శాఖ వాళ్లు ఏటా మంచి డిజైనుకు స్టేజీ మీద శాలువా కప్పుతారు. ఆ శాలువా తన భుజం మీద పడాలి. మూడుసార్లు దరఖాస్తు పెట్టాడు. మూడుసార్లూ "చిలుకలు, ఏనుగులు అందరూ వేస్తున్నారు, కొత్తదనం లేదు" అని తిప్పి పంపారు.

రిటైరయ్యాక నాకు క్లాసు లేకుండా పోయింది. పొద్దున టీ తాగి బావ వాళ్లింటికి పోయి, ముందరి గదిలో ముక్కాలి పీట మీద కూర్చునేవాణ్ని. అంత శ్రద్ధ గల విద్యార్థులు నాకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దొరకలేదు. ఒకరి కాళ్లు గుంతలో ఉండేవి, ఒకరి చేతులు నూలులో ఉండేవి. లేచిపోయే వీలు ఇద్దరికీ లేదు. సృష్టికి కారణం ఉందా, ఉంటే ఆ కారణానికి కారణమేమిటి, ప్రపంచం ఇంత పద్ధతిగా ఉండటం రుజువా కాదా అని నేను రోజుకు రెండు గంటలు చెప్పేవాణ్ని. బావ మగ్గం టకటకలాడించేవాడు. నా మాట నచ్చనప్పుడు ఇంకొంచెం గట్టిగా ఆడించేవాడు.

అక్క పని చిటికి కట్టడం. తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా దగ్గర చీర మీద బొమ్మ నేసేటప్పుడు పుట్టదు, నేయకముందే నూలులో పుడుతుంది. గ్రాఫు కాగితం మీద బొమ్మ గీసుకుంటారు. ఆ గళ్లు లెక్కపెట్టుకుంటూ, నూలును అక్కడక్కడ పాత సైకిలు ట్యూబు పీలికలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఒక కట్టలోని నూలే చీర పొడుగునా మళ్లీ మళ్లీ వస్తుంది కనుక, కట్టేటప్పుడు ఒక గడి తప్పితే చీరలోని ప్రతి బొమ్మలోనూ అదే గడి తప్పుతుంది. అందుకే అక్క పెదాలు ఎప్పుడూ కదులుతూ ఉండేవి. కొత్తవాళ్లు జపం అనుకునేవారు. అది లెక్క.

ఒకరోజు నేను పోయేసరికి బావ మగ్గం ఆపి అరుస్తున్నాడు.

"గిదేందే? చిలుక మెడ ఇరిగింది!"

అక్క వచ్చి వంగి చూసింది. నేనూ చూశాను. చిలుక కాళ్లు, పొట్ట ఉన్నచోటే ఉన్నాయి. మెడ నుంచి పైభాగం మాత్రం రెండు గళ్లు ముందుకు జరిగింది. కొమ్మ మీద కుదురుగా కూర్చోవలసిన చిలుక, ఎవరో తలుపు తీసినట్టు, ఎగరడానికి ముందుకు వాలింది. ఒక్కటి కాదు, వరసగా అన్నీ.

"కోసి పారేస్త," అన్నాడు బావ.

"కోద్దువు గని, బువ్వ తిని కొయ్యి," అంది అక్క.

ఆ బువ్వ తినే అరగంటలోనే హైదరాబాద్ నుంచి దుకాణం నడిపే ఒకామె కారులో వచ్చింది, ఇంకేదో చీర కోసం. మగ్గం మీద ఉన్నది చూసి అక్కడే నిలబడిపోయింది. "ఈ డిజైన్ ఎవరిది?" అని అడిగింది. బావ చెయ్యి కడుక్కుంటూ ఒక్క క్షణం ఆలోచించాడు. "నాదే," అన్నాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఒక చిలుక మెడ విరిగితే అది పొరపాటు. చీర నిండా అన్ని చిలుకల మెడలూ ఒకే తీరుగా విరిగితే దాన్ని చూసి పొరపాటు అనే ధైర్యం ఎవరికి ఉంటుంది?

అలా బావ నాలుగో దరఖాస్తు తయారైంది. "డిజైన్ చేసినవారు" అన్నచోట ఆయన పేరు. ఈసారి జవాబు కూడా వేరేగా వచ్చింది. ఆఫీసరమ్మ స్వయంగా వచ్చి చీర చూస్తుందట. తారీఖు కూడా చెప్పారు. అది శనివారం.

ఇక్కడ మా తెలుగు సారు గురించి చెప్పాలి. నాతోపాటు అదే బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. రోజూ తెల్లారకముందే సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక దేవుడి బొమ్మ, కింద శుభోదయం పెట్టేవాడు. నేను రోజూ కింద "ఆధారం?" అని పెట్టేవాణ్ని. ఆయన ఒక శ్లోకం పెట్టేవాడు. నేను మళ్లీ "ఆధారం?" ఇలా ఏడాది నడిచాక సంఘం కార్యదర్శి విసిగిపోయాడు. "మా ఫోన్లు మోగించుడు బంద్ చేసి, ఒక్కసారి స్టేజీ ఎక్కి కొట్టుకోండ్రి సార్," అన్నాడు.

ఆ వాదనకు తారీఖు నన్నే చెప్పమన్నారు. నేను శనివారం అన్నాను. ఆఫీసరమ్మ వచ్చే రోజు కదా, ఆమెను ముఖ్య అతిథిగా కూడా కూర్చోబెట్టవచ్చని కార్యదర్శికి చెప్పాను. అసలు కారణం అది కాదు. తెలుగు సారు శనివారాలు మధ్యాహ్నం దాకా ఏమీ తినడు. నేను రెండు ప్లేట్ల పూరీ తిని పోయాను.

సమయం చూడటానికి బస్టాండు దగ్గరి చర్చి పాస్టరును పెట్టారు. ఆయన మా ఇద్దరి దగ్గరా చదువుకున్నవాడే, మా ఇద్దరినీ సమానంగా నమ్మడు.

తెలుగు సారు ఖాళీ కడుపుతోనే గట్టిగా మొదలుపెట్టాడు. బావను అడిగి ఆ చిలుకల చీరే తెప్పించి గోడకు వేలాడదీయించాడు.

"చూడుండ్రి. గీ చీర దానంతట అదే నేసుకున్నదా? గీ చిలుక దానంతట అదే వచ్చి వాలిందా? లేదు. చేసినోడు ఉన్నడు. గదిగో, ఆఖరి వరసల కూసున్నడు. ఆరు గజాల బట్టకే ఒక కర్త ఉంటే, గంత ఆకాశానికి లేడా?"

చప్పట్లు. ఆఖరి వరసలో బావ తువ్వాలు సర్దుకున్నాడు. ఆఫీసరమ్మ వెనక్కి తిరిగి ఆయన్ను చూసి నవ్వి, ఏదో రాసుకుంది. నేను లేచాను.

"సారు మంచి మాట చెప్పిండు. ఒక చీరకు ఎంతమంది పనిచేస్తరు? గీసేది ఒకరు, కట్టేది ఒకరు, రంగు ముంచేది ఒకరు, నేసేది ఒకరు. గట్లైతే లోకానికి దేవుళ్లు నలుగురా?"

"ముక్కోటి మంది ఉన్నరు. మాకేం ఇబ్బంది లేదు," అన్నాడు తెలుగు సారు.

"మాకు ఇబ్బందే సార్," అన్నాడు పాస్టరు, గడియారం మీంచి తలెత్తకుండా.

ఆ తర్వాత పది నిమిషాలు వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. కర్త ఉన్నాడని రుజువైంది, ఆయన ఎవరి కర్త అన్నదే మిగిలింది. నేను కూర్చుని నీళ్లు తాగాను. నాస్తికుడికి అంతకంటే సుఖమైన పది నిమిషాలు ఉండవు.

మళ్లీ నా వంతు వచ్చినప్పుడు నీళ్ల సంగతి ఎత్తాను. "లోకాన్ని గింత అందంగ చేసినోడు మా నల్లగొండ నీళ్ల కాడికొచ్చేసరికి గా ఫ్లోరైడు ఎందుకు కలిపిండు? నా పండ్లు చూడుండ్రి. మా తరంలో ఎంతమందికి ఎముకలు వంగినయ్?"

"అది పరీక్ష," అన్నాడు తెలుగు సారు.

"పరీక్ష మాకే ఎందుకు సారూ? గుంటూరోళ్లకు సిలబస్ వేరే ఉన్నదా?"

ఇప్పుడు చప్పట్లు నాకు. కానీ ఆయన చేతులెత్తి ఆపాడు. "మరి ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్లు వస్తలేవా? ఎవరు పంపిండ్రు?"

"పైపు పంపింది."

"పైపు దానంతట అదే వచ్చిందా?"

హాలంతా పెద్దగా నవ్వు. తిండి లేని మనిషి ముందు, రెండు ప్లేట్ల పూరీ తిన్న నేను ఓడిపోతున్నాను. సరిగ్గా అప్పుడే నా కళ్లు గోడ మీది చీర మీద పడ్డాయి.

నేను అంత గొప్ప ప్రసంగం ముందెప్పుడూ చేయలేదు, తర్వాతా చేయలేదు. "సారు ఏ చిలుకను చూపించి దేవుణ్ని నిలబెట్టిండో గా చిలుకను ఎవ్వలూ గీయలేదు. నేను కండ్లార చూసిన. గ్రాఫుల గీసింది కూసున్న చిలుక. లెక్క తప్పి రెండు గళ్లు జరిగింది. గంతే. గిది తప్పు. గీ అందానికి కర్త లేడు! లోకం గూడ గిట్లనే. తప్పు జరిగింది, బాగున్నది. మనం చప్పట్లు కొడుతున్నం!"

పన్నెండయింది. దేవుడు పోయాడు. నేను చెప్పిన గంటన్నరలో ఆయన నిజంగా లేనిది ఆ ఒక్క నిమిషమే అయ్యుంటుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆఫీసరమ్మ పెన్ను మూత పెట్టింది. "తప్పా? దరఖాస్తులో సొంత డిజైన్ అని రాశారు కదండీ?" అని వెనక్కి తిరిగింది. బావ లేచి నిలబడ్డాడు. మగ్గం గుంతలో నుంచి పైకి చూసే మనిషి చూపు ఎలా ఉంటుందో మీరు చూసి ఉండకపోవచ్చు. నిలబడి ఉన్నా ఆయన అలాగే చూశాడు.

మాట జారిపోయింది, బావ సంగతి ఆ వేడిలో గుర్తు రాలేదు అని చాలామందికి చెప్పాను. అబద్ధం. నోరు తెరవకముందే బావను చూశాను. ఆఫీసరమ్మనూ చూశాను. నవ్వు తెలుగు సారు వైపు పోయిందని, అది నాకు తిరిగి రావాలని చెప్పేశాను.

అప్పుడు తలుపు దగ్గర నుంచి అక్క గొంతు వినిపించింది. సభకు టీ తెచ్చింది. చేతిలో స్టీలు డబ్బా అలాగే ఉంది.

"తప్పు గాదు సారూ. నేనే జరిపిన."

ఆఫీసరమ్మ అడిగింది. "మీరా? కావాలనేనా అమ్మా?"

"ఆ, కావాలనే. నలభై ఏండ్ల సంది గా చిలుకలు కూసునే ఉన్నయి. కట్టి కట్టి నాకే యాష్టకొచ్చింది. జర ఎగురనియ్యాల్నని జరిపిన."

"మరి మీ ఆయనకు చెప్పలేదా?"

"మగ్గం చప్పుడుల ఆయనకు ఏం ఇనొస్తది? చెప్తే ఇంటడా?" అని నా వైపు తిరిగింది. "నువ్వు గూడ చూసినవ్ తమ్మీ, చూసుడు ఒకటే చేసినవ్. ఎవలు కట్టిండ్రని అడిగినవా?"

ముప్పై ఆరుగురూ చప్పట్లు కొట్టారు. తెలుగు సారు రెండు చేతులూ పైకెత్తాడు. "చూసిండ్రా! కర్త ఉన్నడంటి గద!" పాస్టరు లేచి అక్క చేతిలోని డబ్బా అందుకుని అందరికీ టీ పోశాడు. ఉపవాసం కనుక తెలుగు సారు తాగలేదు. ఓడిపోయాను కనుక నేనూ తాగలేదు. నిజానికి నా దాకా వచ్చేసరికి టీ అయిపోయింది.

ఆఫీసరమ్మ పోతూ పోతూ ఒక మాట చెప్పింది. డిజైను నిజంగా కొత్తది, పంపుతాను, కానీ కాగితం మీద ఎవరు చేశారో వాళ్ల పేరే ఉండాలి, మార్చి రేపటికల్లా ఇవ్వండి అని.

రేపు వచ్చింది, ఎల్లుండి వచ్చింది. బావ కాగితం ముట్టలేదు. నాతో మాట్లాడలేదు. నేను పొద్దున్నే పోయేసరికి నా ముక్కాలి పీట గదిలో లేదు. తలెత్తి చూస్తే అటక మీద ఉంది. డెబ్బై దాటినవాడు ఆ పీట కోసం నిచ్చెన వేసుకుని ఎక్కాడంటే, కోపం ఎంతో మీరే అంచనా వేసుకోండి. నేను గడప దగ్గర కాసేపు నిలబడి తిరిగొచ్చేశాను. మా ఇంట్లో నా మాటలు వినడానికి గోడ గడియారం ఒక్కటే ఉంది, అది కూడా ఆగి ఉంది. ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోను వచ్చిందని అక్క గోడ మీంచి చెప్పింది. ఇంకొక్క రోజు ఆగుతారట, ఆ తర్వాత ఈ ఏడాదికి అంతేనట.

నాలుగో రోజు పొద్దున పీట గదిలోకి వచ్చింది. బావ మగ్గం ఆపకుండానే చెప్పాడు.

"బామ్మర్దీ, నీ అక్షరం గుండ్రంగుంటది. డిజైన్ చేసినోళ్లు అన్న కాడ నా పేరు కొట్టేసి మీ అక్క పేరు రాయి."

"మరి నీది బావా?"

"నేసినోళ్లు అన్న కాడ ఉన్నది గద. సాలు."

"శాలువా నీకు కప్పరు మరి."

"కప్పినా నాకు ఉక్కపోత," అని మగ్గం గట్టిగా ఆడించాడు.

నేను రాశాను. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసినవాణ్ని, అక్క పేరు రాయడానికి చెయ్యి రెండుసార్లు ఆగింది. ఉద్వేగం అని మా తెలుగు సారైతే అనేవాడు. నిజం చెప్పాలంటే అక్క పూర్తి పేరు నాకు సరిగ్గా తెలియదు. పుట్టినప్పటి నుంచీ అక్కా అనే పిలిచాను. ఆధార్ కార్డు తెమ్మని అడిగి చూసి రాశాను.

శాలువా వచ్చింది. జిల్లా కేంద్రంలో స్టేజీ మీద కప్పారు. బావ ముందు వరసలో కూర్చుని, కెమెరా పట్టుకున్నవాడికి అడ్డం వచ్చిన తలలన్నింటినీ వంచమని కేకలేశాడు. ఇంటికొచ్చాక అక్క ఆ శాలువా అంచును బొటనవేలుతో రాసి చూసి, బావకు ఇచ్చింది. ఆయనా రాసి చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చేనేతకు ఇచ్చిన ఆ శాలువా మిషను మీద నేసింది. ఇప్పుడు మగ్గం మీద దుమ్ము పడకుండా కప్పుతున్నారు. ఆ పనికి బాగుంది.

బావ నీళ్లు పోసుకోవడానికి పోయినప్పుడు అక్కను అడిగాను. "నిజంగ కావాలని జరిపినవా అక్కా?"

అక్క లెక్క ఆపలేదు. ఒక వరస పూర్తి చేసి, పీలిక బిగించి, పళ్లతో కొరికి, అప్పుడు చెప్పింది.

"నీకు యాదికి లేదా? గా దినం నువ్వు గిదే పీట మీద కూసొని అడిగినవ్. దేవుడు అందర్ని పుట్టిస్తే దేవుణ్ని ఎవలు పుట్టిచ్చిండ్రక్కా అని. పందొమ్మిదో గడి మీద ఉన్న. 'వాళ్లమ్మ' అన్న. అని మల్ల చూస్కుంటే ఇరవై ఒకటి మీద ఉన్న. సూపు గూడ మునుపటి లెక్క లేదు గద."

"మరి సభల గట్ల చెప్తివి?"

"మీ బావ మొకం చూసినవా?"

పీట మీద ఆ ప్రశ్న అడిగింది నాకు గుర్తు లేదన్నాను. గుర్తుంది. వాళ్లమ్మ అన్న ఆ జవాబుకు నేను తొడ చరుచుకుని నవ్వాను, ఆ నవ్వుకే అక్క తల ఎత్తింది. గోడ మీది చీరను చూపించి కర్త లేడని అరిచినప్పుడు కూడా గుర్తుంది. చెప్పకపోవడానికి కారణం ఒక్కటే. ఆ రెండు గళ్లు జరిపింది నా నోరు అని చెబితే, ముప్పై ఆరుగురి ముందు నేనే దేవుడి స్థానంలో నిలబడాల్సి వచ్చేది. నాస్తికుడికి అది బాగుండదు.

"ఇది రాస్తనక్కా," అన్నాను.

"రాస్కో పో. నువ్వు చెప్తే ఎవలు నమ్ముతరు?"

ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ఇప్పుడు ఆ ఎగిరే చిలుకలు కావాలని చాలామంది అడుగుతున్నారు. బావ గ్రాఫు మీద రెండు గళ్లు జరిపి ఎంత గీసినా మొదటి చీర అంత బాగా రావడం లేదనీ, అందుకని ప్రతి చీరకూ నన్ను పిలిపించి, సరిగ్గా పందొమ్మిదో గడి దగ్గర దేవుణ్ని ఎవరు పుట్టించారని అడిగించుకుంటారనీ ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే. గ్రాఫు చక్కగానే పనిచేస్తోంది. బావ పందొమ్మిదో గడి దగ్గర ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టాడు. అక్కడికి రాగానే అక్క తలెత్తకుండా ఎడమ చూపుడువేలు కొంచెం పైకి లేపుతుంది. నేను మధ్యలో ఏ వాదంలో ఉన్నా ఆపేస్తాను. పందొమ్మిది పోయి, ఇరవై పోయి, పీలిక బిగిసి, ఆ వేలు మళ్లీ కిందికి దిగేదాకా నోరు మూసుకుని కూర్చుంటాను.